ఫ్లెక్సీలో రోజారాణి

బడికి పోయే పిల్ల చెయ్యి పట్టుకుని లారీల రోడ్డు మీద నడిచే తల్లికి అటూ ఇటూ చూసే తీరిక ఉండదు. అందుకే ఆ సోమవారం పొద్దున లాల్‌గడి మలక్‌పేట్ స్టేజీ దగ్గర జనం మెడలెత్తి ఏదో చూస్తున్నారని తెలిసినా రోజారాణి తల ఎత్తలేదు. బిందును మట్టి వైపు నెట్టి, తాను తారు వైపు నడుస్తోంది. వెనక నుంచి కంకర లారీ హారన్ కొడితే ఇద్దరూ రోడ్డు దిగి, దుమ్ము అణిగేదాకా తల్లి కొంగే మూతులకు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మొన్ననే ఓ లారీ అద్దం బిందు బడి సంచీని గీరుకుంటూ పోయింది. సంచీ చినిగింది గాని పిల్ల దక్కింది. ఆ చినుగును రోజారాణి మిషను మీద రెండుసార్లు కుట్టు వేసి బిగించింది, భయాన్ని మాత్రం ఏ కుట్టుతో బిగించాలో ఆమెకు తెలియలేదు.

"అమ్మా, నువ్వు" అంది బిందు.

"నేనేంది?"

"గా పైన. నువ్వే."

అప్పుడు తలెత్తింది. కరెంటు స్తంభానికీ హోటలు రేకులకూ మధ్య ఇల్లంత ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో మండల నాయకుడు, జనమంతా అన్న అని పిలిచేవాడు, రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. అన్నకు జన్మదిన శుభాకాంక్షలు. కింద, శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ మొహాలు పావలా కాసుల్లా వరసగా ఉన్నాయి. ఆ వరసలో ఒక మొహం రోజారాణిది. దాని కింద 'మండల మహిళా కార్యదర్శి' అని రాసి ఉంది. మెడలో పార్టీ కండువా.

ఆమె అట్లాగే చూస్తూ నిలబడింది. ఆ కండువా మడత ఎక్కడో చూసినట్టుంది. కాసేపటికి పోల్చుకుంది. అది కండువా కాదు, తన కొలత టేపు. మహిళా సంఘం పాస్‌బుక్కు కోసమని, కత్తిరిస్తున్న జాకెట్టు వదిలేసి, మెడలో టేపు కూడా తీయకుండా ఉరికి ఫోటో దిగింది. ఆ టేపునే ఎవడో మహానుభావుడు వెడల్పు చేసి, రంగు పూసి, కండువా చేశాడు.

"కంగ్రాట్స్ వదినా" అన్నాడు హోటలాయన టీ వడపోస్తూ. "మాకు ఒక మాట గూడ జెప్పకపోతివి."

ఆ పని చేసిన మహానుభావుడెవరో వెతుక్కోవలసిన పని లేదు. స్టేజీలో కంప్యూటరున్న ఫోటో స్టూడియో ఒక్కటే, అది ఫైజ్‌ది. రోజారాణి పక్కింటి సాలేహాకు మరిది. బిందును బడిలో దింపి, తన టైలరింగు కొట్టు తాళం కూడా తీయకుండా తిన్నగా అక్కడికి పోయింది. ఫైజ్ ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు, తప్పు చేసినవాడు లేచినట్టే.

"కూసో రోజక్కా, చాయ్ చెప్తా."

"చాయ్ గీయ్ ఏం వద్దు. నా ఫోటువ నీకెవ్వలిచ్చిండ్రు?"

"నువ్వే ఇచ్చినవ్ గదక్కా, సంఘం పుస్తకానికని. కంప్యూటర్ల ఉండె." తల గోక్కున్నాడు. "వాళ్ళొచ్చి, లైన్ల ఆడోళ్ళ మొహాలు తక్కువున్నయ్, రాత్రికల్లా ప్రింట్‌కు పోవాలె అని గొంతు మీద కూసున్నరు. నేనేడికెల్లి తేవాలె? నీ ఫోటువ సాఫ్‌గ ఉంది. నవ్వుత గూడ లేవు. లీడర్ లెక్క ఉన్నవ్."

"కార్యదర్శి అని ఎవ్వలు రాసిండ్రు?"

"అది గూడ నేనే. ఖాళీగుంటె బాగుండదని."

తిట్టాలని ఎంత కోపంతో వచ్చిందో, ఆ జవాబు విని అంత నవ్వు వచ్చింది. నవ్వితే అలుసైపోతుందని పెదవి బిగబట్టింది. "ఇప్పుడే పోయి దించు" అంది.

ఫైజ్ మొహంలో రంగు పోయింది. అన్న మొహమున్న ఫ్లెక్సీని పుట్టినరోజు వారంలో తాకితే ఏమవుతుందో ఆ స్టేజీలో చంటిపిల్లలకు కూడా తెలుసు. కిందటేడు గాలికి చినిగిపోయిన ఫ్లెక్సీకే కేసు పెడతామని సాక్షులను వెతికారు. "శనివారం దాంక ఆగక్కా, నీ కాల్మొక్కుతా" అన్నాడు. కాళ్ళు మొక్కించుకునేంత పెద్దది కాదు తాను. ఊరుకుని వచ్చేసింది.

కొట్టు తీసి మిషను ముందు కూర్చుందో లేదో మొదలైంది. ఆషాఢం పెళ్ళిళ్ళు లేని నెల, కానీ ఆ ఆదివారమే బోనాలు. వాడలో ప్రతి ఇంటికీ ఒక కొత్త జాకెట్టు కావాలి. మామూలుగా ఆడవాళ్ళు గుడ్డా, లైనింగూ ఇచ్చి, మెడ లోతు ఎంతో చెప్పి పోతారు. ఆ రోజు వచ్చినవాళ్ళు గుడ్డ ఇచ్చి, పోకుండా నిలబడ్డారు. ఒకావిడకు పింఛను ఆగింది. ఒకావిడ కొడుకు పేరు ఓటర్ల లిస్టులో లేదు. ఇంకొకావిడ ఇంటి ముందు మోరీ నిండింది.

"నాకేం తెల్వదవ్వా, గా ఫోటువ ఉత్తదే" అంది రోజారాణి, టేపు ఆమె భుజం మీద పెట్టి కొలుస్తూ.

"పెద్దోళ్ళందరు గట్లనే అంటరు బిడ్డా" అంది ఆవిడ, చేతులు ఎత్తి నిలబడి.

లేదని చెప్పేకొద్దీ ఆమె పెద్దరికం పెరిగింది. సాయంత్రానికి కేబుల్ చానల్ కుర్రవాడు ఫ్లెక్సీని వీడియో తీసుకుపోయి, వార్తల మధ్య తిప్పి తిప్పి చూపించాడు. రాత్రి భర్త దేవేందర్ ఆటో నిలిపి లోపలికి వస్తూనే, "సెక్రటరీ మేడం, అన్నం పెడ్తరా, దరఖాస్తు రాస్కోవాల్నా?" అన్నాడు. అల్వాల్ నుంచి శామీర్‌పేట్ దాకా సెవెన్ సీటర్ నడుపుతాడు, ఆ రోజంతా అడ్డా మీద వాళ్ళు అతన్ని లీడర్ మొగుడని పిలిచారట. అత్త మైసమ్మ మాత్రం నవ్వలేదు. టీవీలో కోడలి మొహం వచ్చినప్పుడల్లా దగ్గరికి జరిగి కూర్చుని చూసింది.

"ఇంత పెద్ద మనిషివైతివి, జర గా బాట సంగతి అడుగరాదె" అంది.

ఆ ఇంట్లో అందరి గుండెల మీదా ఉన్న బరువు అదే. వాళ్ళ వాడకూ స్టేజీకీ మధ్య ఉన్న చేన్లన్నీ ఎండాకాలంలో ప్లాట్ల వెంచర్ అయ్యాయి. రోడ్డు వైపు పెద్ద ఆర్చీ కట్టారు, వాడ వైపు గోడ పెట్టి, గోడకు గేటు పెట్టి, గేటుకు తాళం వేశారు. ఆ తాళంతో తాతల నాటి బాట తెగిపోయింది. వాడ మొత్తం లారీల రోడ్డెక్కి చుట్టూ తిరిగి పోవలసి వస్తోంది. పంచాయతీకి చెప్పారు, మండలాఫీసుకు చెప్పారు. చూస్తాం అన్నవాళ్ళే గాని వచ్చి చూసినవాళ్ళు లేరు. ఆదివారం బోనాలెత్తుకుని స్టేజీ వైపున్న పోచమ్మ గుడికి పోవాలన్నా ఇప్పుడు ఆ లారీల రోడ్డే దిక్కు. నెత్తిన కుండ, కుండ మీద దీపం, మెడ తిప్పడానికి లేదు. అట్లా లారీల మధ్య నడవడం ఎట్లాగో ఎవరికీ అర్థం కావడం లేదు.

"బోనం పాత బాటనే పోవాలె" అంది మైసమ్మ, టీవీ వైపు చూస్తూనే.

మర్నాడు సాయంత్రం వాన పట్టింది. కొట్టు మూసి, కాజాలు కుట్టవలసిన జాకెట్లు మూటగట్టి చంకన పెట్టుకుని రోజారాణి రోడ్డెక్కింది. చీకటి పడకముందే లారీలు లైట్లేసుకుని వస్తున్నాయి. తడిస్తే కొత్త జాకెట్ల రంగు దిగుతుంది. వెంచర్ ఆర్చీ కింద కాసేపు నిలబడదామని పక్కకు జరిగింది. అక్కడ వాచ్‌మన్ బుల్లిబాబు ఉన్నాడు. గోదావరి వైపు మనిషి, బక్కగా, ఎప్పుడూ చెవులకు మఫ్లరు చుట్టుకుని ఉంటాడు. వాడ ఆడవాళ్ళు ఎన్నోసార్లు బతిమాలారు గేటు తీయమని. "ఆర్డరు లేదండి, నా చేతుల్లో ఏముందండి" అని ఒక్కటే పాట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సాలేహా కూడా అతన్ని చూసి తెలుగు సామెత చెప్పేది.

ఈసారి బుల్లిబాబు కుర్చీలోంచి లేచాడు. మఫ్లరు తీశాడు.

"నమస్కారం మేడం గారూ. తడిసిపోతున్నారు, రండి, వెనక గేటు తీస్తాను" అన్నాడు.

రోజారాణికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. స్టేజీ ఎంతో దూరం లేదు, ఫ్లెక్సీ ఇక్కడికి కూడా కనిపిస్తుంది. నేను మేడాన్ని గాను, గా ఫోటువ ఉత్తదే, అని నోటిదాకా వచ్చింది. వెనక ఒక టిప్పరు బురద చిమ్ముకుంటూ పోయింది. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. ఆమె ఆర్చీ దాటి అతని వెనక నడిచింది.

లోపల తెల్ల సున్నం పూసిన హద్దురాళ్ళు పాతారు. పసుపు బోర్డుల మీద రోడ్ల నంబర్లు రాశారు, రోడ్లింకా రాలేదు. వాటన్నిటికీ అడ్డం పడి, గడ్డిలో సన్నగా, పాపిట తీసినట్టు పాత బాట ఇంకా ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ తొక్కకపోయినా చెరిగిపోలేదు. రోజారాణి కాళ్ళు వాటంతటవే దాని మీదికి పోయాయి. ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ రాయి తగులుతుందో పాదాలు మరిచిపోలేదు. ఏడుపొచ్చింది. వాన కాబట్టి సరిపోయింది.

ఇంటికి పోయి చెప్పింది. తప్పు చేసినట్టే చెప్పింది. దేవేందర్ అంతా విని, "నువ్వు అబద్ధమాడినవా?" అన్నాడు.

"ఆడలే. నిజం గూడ జెప్పలే."

"రేపు పోరిని గూడ గట్లనే తీస్కపో" అన్నాడు.

బుధవారం బిందు ఆ బాటన నడిచి బడికి పోయింది. నడవలేదు, గంతులేసింది. ఆ పిల్ల చెయ్యి వదిలేసి నడవడం ఎన్నాళ్ళకో అని తల్లి అనుకుంది. గురువారం సాలేహా వెంట వచ్చింది, కూతురు అఫ్రీన్‌ను తీసుకుని. మేడం గారి మనుషులా అండీ, అని బుల్లిబాబు అడిగితే సాలేహా గంభీరంగా తల ఊపింది. గేటు దాటి నాలుగడుగులు వేశాక ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. శుక్రవారానికి వాడ వాడంతా మేడం గారి మనుషులే. మైసమ్మ కర్ర పట్టుకుని పనేమీ లేకపోయినా రెండుసార్లు పోయి వచ్చింది. ప్రతి ఒక్కరూ రోజారాణికి దండం పెట్టినంత పని చేశారు. ఆమెకు లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. తేరగా వచ్చిన గుర్రం మీద సవారీ ఎంతసేపని.

ఆ ముల్లు శుక్రవారం మధ్యాహ్నం బండి మీద వచ్చింది. అన్న మనిషి సిద్దిరాములు, చేతిలో సెల్లు, నల్లద్దాలు నెత్తి మీదికి ఎక్కించుకుని, కొట్టు ముందు బండి ఆపి, స్టాండు కూడా వేయకుండా మాట్లాడాడు.

"అక్కా, అన్న నిన్ను మస్తు తారీఫ్ జేసిండు. రేపు మేడ్చల్ల మీటింగుంది. వచ్చే ఏడు ఎలక్షన్లు గదా. నీ వాడ ఆడోళ్ళు యాభై మంది రావాలె. పొద్దుగాల డీసీఎం బండి పంపుత. బిర్యానీ ప్యాకెట్లు గూడ ఉన్నయ్."

రోజారాణి చేతిలో చివరి జాకెట్టు ఉంది. హుక్కు కుడుతోంది. దారం పంటితో తెంపి, "నేను మీ పార్టీల ఎన్నడు జేరిన తమ్మీ?" అంది.

"ఫోటువ ఉంది గదక్కా."

"ఫోటువుంటె జేరినట్టేనా? రేషన్ కార్డు మీద గూడ నా ఫోటువుంది. బియ్యం పూరాగ ఇస్తున్నరా?"

సిద్దిరాములు నవ్వాడు, కానీ బండి కదల్చలేదు. "రాకపోతే ఫోటువ ఉండది మరి" అన్నాడు మెల్లగా. "చూస్కో."

అతనికి గేటు సంగతి తెలియదు. ఆమెకు మాత్రం ఆ మాటలో గేటే కనిపించింది. ఆదివారం ఎంత దూరంలో ఉంది. ఒక్క పూట. యాభై మంది డీసీఎం ఎక్కి, ఎండలో కూర్చుని, చప్పట్లు కొట్టి వచ్చేస్తే బోనం పాత బాటన పోతుంది, బిందు కూడా రోజూ పోతుంది. నోరు తెరవబోయి ఆగింది. తన మొహం వాళ్ళు అడగకుండా తీసుకున్నారు. ఇప్పుడు ఇంకో యాభై మొహాలు తానే తీసుకుపోయి ఇవ్వాలట. ఇల్లు అలుకుతూ, కుండలు కడుగుతూ ఉన్న సాలేహాలనీ మైసమ్మలనీ పొద్దున్నే బండికెత్తి పంపాలట.

"ఉండకపోతే ఉండకపాయె" అంది. "రేపు మా ఆడోళ్ళకు పనుంది తమ్మీ."

తర్వాతి హుక్కు ఒక గీత కిందికి పడింది. అతను పోయాక విప్పి మళ్ళీ కుట్టింది.

శనివారం పొద్దున ఫ్లెక్సీలో ఆమె మొహం లేదు. ఆ చోట ఇంకెవరిదో మొహం అతికించారు, కౌకూర్ వైపు ఆవిడట. పదవి మాత్రం అదే. మండల మహిళా కార్యదర్శి. ఒక్క రాత్రిలో కుర్చీ పోయిందని హోటలాయన పరామర్శ చేశాడు. రోజారాణికి పోయినందుకు బాధ లేదు, కొంచెం తేలికగా కూడా ఉంది. కానీ ఆర్చీ వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. బుల్లిబాబుకు కళ్ళున్నాయి, అతనూ చూసే ఉంటాడు. రోజంతా జాకెట్లు ఇచ్చి పంపుతూ, ఎవరడిగినా రేపు చూద్దాం అంది. సాయంత్రం కొట్టు మూసి, నిజం చెప్పేయాలని నిశ్చయించుకుని వెంచర్‌లోకి పోయింది. అతను తనంతట గేటు మూసేలోపు తానే చెప్పాలి. ఆ మాత్రం మర్యాద అతనికి బాకీ ఉన్నట్టు అనిపించింది.

బుల్లిబాబు వెనక గేటు దగ్గర తన గది ముందు కూర్చుని కట్టెల పొయ్యి మీద అన్నం వండుకుంటున్నాడు.

"అన్నా, నీకొక మాట జెప్పాలె" అంది నిలబడే. "నేను మేడాన్ని గాను, ఏ పార్టీ దాన్ని గాను. జాకెట్లు కుట్టుకునేదాన్ని. నా ఫోటువ వాళ్ళు అడగకుంట వేసిండ్రు, ఇయ్యాల తీసేసిండ్రు. నువ్వు మోసపోయి గేటు తీసినవ్. నేను ఊకున్న. తప్పు నాదే."

బుల్లిబాబు గరిటెతో రెండు మెతుకులు తీసి నొక్కి చూశాడు. ఉడికాయేమో, గిన్నె దింపాడు.

"తెలుసండి" అన్నాడు.

"ఏం తెల్సు?"

"మీరు పార్టీ మనిషి కాదని. సోమవారమే తెలుసండి. సెల్లుకి రీచార్జి చేయించుకుందామని స్టూడియోకెళ్తే ఆ ఫైజ్ గారు కంప్యూటర్లో కండువా ఎలా చేశారో చూపించి మరీ చెప్పారు. టేపంట కదండీ."

"సోమవారం తెల్సి మంగళవారం గేటెట్ల తీసినవ్?"

"మీ పాప సంచీకి లారీ తగిలిన రోజు నేను ఆర్చీ దగ్గరే ఉన్నానండి. చూశాను." పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగాడు. "తాళం నా దగ్గరే ఉండేది. తీయాలని ఉండేది. తీస్తే మేనేజరుగారికి ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నా. ఊరికే జాలేసి తీశానంటే ఉద్యోగం ఉంచుతారా అండి? ఆ ఫ్లెక్సీ చూశాక, హమ్మయ్య, చెప్పడానికో మాట దొరికిందనుకున్నా. బుధవారం ఆయనొచ్చి అడిగితే, అన్నగారి మనిషండి, కాదంటే ఊరుకోరండి అని మీ బొమ్మ చూపించా. ఆయన మారు మాట్లాడలేదు. అబద్ధం మీది కాదండి, నాది."

"మరి ఇప్పుడు? ఫోటువ లేకపాయె గదా."

"ఇప్పుడు దాంతో పని లేదండి." బుల్లిబాబు మొదటిసారి నవ్వాడు. "గురువారం ప్లాటు కొనే పార్టీ ఒకటి చూడ్డానికొచ్చింది. మీ వాళ్ళు గేట్లోంచి నడిచెళ్ళడం చూసి, ఇటు కూడా దారుందా, పనివాళ్ళు, పాలవాళ్ళు వస్తారా అని అడిగింది. ఉందండి అన్నా. అక్కడికక్కడే బయానా డబ్బులు ఇచ్చేశారు. ఇక చూస్కోండి, మేనేజరుగారు వచ్చినోళ్ళందరికీ ముందు ఈ గేటే చూపిస్తున్నారు. వద్దన్నా ముయ్యరు."

రోజారాణికి ఒళ్ళు మండింది. తాతల నాడు కాళ్ళరిగి పడిన బాట, తమకు లేదన్న బాట, వచ్చినవాళ్ళకు సౌకర్యమని చూపించి అమ్ముతున్నారు. రేపు కాగితాల మీద అచ్చేసినా వేస్తారు. ఆ మంట నిజమే. కానీ ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తే ఆ మంట నిలవలేదు. ఊరు కాని ఊళ్ళో, ఒక్క గదిలో, ఒక్క ఉద్యోగం పట్టుకుని బతికేవాడు. బిందుకూ తనకూ ఏమీ కానివాడు. అయినా తీసే సాకు కోసం తాళం చెవి పట్టుకుని ఇన్నాళ్ళు ఎదురు చూశాడు. ఇన్నాళ్ళూ తాము అతన్ని తిట్టని తిట్టు లేదు. ఆఫీసులు చేయలేదు, అన్నలు చేయలేదు. ఇతను చేశాడు.

"మేము నిన్ను మస్తు తిట్టుకున్నమన్నా" అంది.

"వినపడేదండి" అన్నాడు బుల్లిబాబు.

ఇద్దరూ నవ్వారు. తర్వాత అతను కొంచెం మొహమాటంగా, "రేపేదో పండగంట కదండీ, కుండలెత్తుకుని వెళ్తారంట. మాకు ఈ ఆచారం లేదు. వాచ్‌మన్ ఏం చెయ్యాలండి?" అన్నాడు.

"ఏం జెయ్యక్కర్లేదు. గేటు రెండు రెక్కలు తియ్యి, చాలు" అంది. ఇంటికి పోయేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం వాడ నుంచి బోనాలు లేచాయి. పసుపు పూసిన కొత్త కుండలు, కుంకుమ బొట్లు, చుట్టూ వేపమండలు, పైన దీపాలు. ముందు డప్పులు. ఆ ఏడు మొదటి బోనం రోజారాణిది. సాలేహా ఎత్తలేదు గాని అఫ్రీన్‌ను చంకనేసుకుని గోడ దాకా వచ్చింది. వరస పాత బాట మీదికి మళ్ళింది. గేటు రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి.

గేటు పక్కన బుల్లిబాబు నిలబడి ఉన్నాడు. తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మఫ్లరు లేదు. అతని ముందు రెండు ప్లాస్టిక్ బిందెల నిండా నీళ్ళున్నాయి, వాటిలో పసుపు కలిపి ఉంది. బోనమెత్తిన ఆడమనిషి ఆ పూట అమ్మవారితో సమానం, దారిలో ఎదురైనవాళ్ళు ఆమె కాళ్ళకు నీళ్ళు పోస్తారు. ఎవరిని అడిగి తెలుసుకున్నాడో ఏమో. రోజారాణి దగ్గరికి రాగానే చెంబు ముంచి, వంగి, ఆమె పాదాల మీద నీళ్ళు పోశాడు. మేడం అనలేదు. అమ్మా అన్నాడు.

వెనక వచ్చినవాళ్ళకూ పోశాడు. పింఛనాగిన ఆవిడకు పోశాడు. కర్ర మీద వంగి నడిచే మైసమ్మ ఏ బోనమూ ఎత్తలేదు, అయినా ఆమె కాళ్ళకూ పోశాడు. ఎవరెవరి మనుషులని అడగలేదు.

రోజారాణికి అతనికి దండం పెట్టాలనిపించింది. రెండు చేతులూ నెత్తి మీది కుండను పట్టుకుని ఉన్నాయి, తల వంచడానికి లేదు. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా లేదు. తడి పాదాలతో, డప్పుల వెనక, పోచమ్మ గుడి వైపు నడుచుకుంటూ పోయింది.